విత్తనాలకు బ్యాకప్ తీసిన మనిషి

జీన్ ఎడిటింగ్ అనే మాట ఈ మధ్య మన దగ్గర కూడా బాగా వినిపిస్తోంది. 2025 మే నెలలో కేంద్రం రెండు జీన్ ఎడిటెడ్ వరి రకాలను ప్రకటించింది. రెండింటికీ అమ్మలాంటి రకాలు మన తెలుగు నేల మీద పుట్టినవే. బాపట్ల సాంబ మసూరి నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ‘కమల’ అనే రకాన్ని తయారు చేసింది. మార్టేరు కాటన్‌దొర సన్నాలు నుంచి ఢిల్లీలోని పూసా శాస్త్రవేత్తలు ఇంకో రకాన్ని తీశారు.

వార్త చదివిన వాళ్లంతా క్రిస్పర్ అనే కత్తెర గురించే మాట్లాడుకున్నారు. కత్తెర గొప్పదే, కాదనలేం. కానీ వరి జీనోమ్‌లో దాదాపు 40 కోట్ల అక్షరాలు ఉంటాయి. అందులో ఎక్కడ కత్తిరించాలో ఆ కత్తెరకు ఎవరు చెప్పారు?

ఇంకో వరి చెప్పింది. కమలలో మార్చిన జన్యువు జోరు తగ్గితే కంకికి గింజలు పెరుగుతాయని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో కనిపెట్టారు. గింజ ఎక్కువ పట్టే హబటకి అనే రకాన్ని, కొషిహికరి అనే మరో రకంతో పోల్చి చూస్తేనే ఆ సంగతి బయటపడింది. అంటే ప్రకృతి ఎక్కడో ముందే చేసిపెట్టిన మార్పును చూసి మనం మన వరిలో చేసుకున్నాం. ఆ మార్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, పోగేసి, భద్రం చేయాలని వందేళ్ల కిందటే ఒక మనిషి బయలుదేరాడు. డీఎన్ఏ ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. ఆ నిర్మాణం బయటపడేసరికి ఆయన చనిపోయి పదేళ్లయింది. ఆయనే నికొలాయ్ ఇవానోవిచ్ వావిలోవ్.

కరువు చూసిన తరం

వావిలోవ్ 1887 నవంబరు 25న మాస్కోలో పుట్టారు. తండ్రిది పల్లెటూరి రైతు కుటుంబం. పట్నం వచ్చి బట్టల వ్యాపారంలో స్థిరపడ్డారు. కొడుకుని కూడా కమర్షియల్ స్కూల్లోనే చేర్పించారు. కొడుకుకు మాత్రం ఆ లెక్కల పుస్తకాల మీద మనసు నిలవలేదు. 1906లో మాస్కో వ్యవసాయ కళాశాలలో చేరారు. తమ్ముడు సెర్గేయ్ భౌతికశాస్త్రం వైపు వెళ్లి, తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయ్యారు.

ఆయనకు నాలుగేళ్లప్పుడు, 1891-92లో రష్యాను ఘోరమైన కరువు కాటేసింది. లక్షల ప్రాణాలు పోయాయి. ఆ దేశంలో అప్పట్లో వ్యవసాయం చదవడమంటే ఉద్యోగం కోసం ఒక డిగ్రీ తెచ్చుకోవడం మాత్రమే కాదు. తిండి గింజల కోసం యుద్ధానికి సిద్ధపడటం లాంటిది. కాలేజీలో ఆయన చేసిన ప్రాజెక్టు కూడా పొలం మీదే. మాస్కో చుట్టుపక్కల పైర్లను తినేస్తున్న గుల్లలేని నత్తల గురించి రాశారు.

ఆ రోజుల్లో జన్యుశాస్త్రం అప్పుడే కళ్లు తెరుస్తోంది. మెండెల్ బఠాణీల మీద చేసిన పని మూలన పడి ఉండి, 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఈ కొత్త శాస్త్రానికి జెనెటిక్స్ అని పేరు పెట్టిన విలియం బేట్సన్ దగ్గర నేర్చుకోవడానికి వావిలోవ్ 1913లో ఇంగ్లండ్ వెళ్లారు. ఆయన మనసంతా ఒకే ప్రశ్న మీద ఉండేది. ఒకే పొలంలో పక్కపక్కనే ఉన్నా కొన్ని గోధుమ రకాలకు తెగులు సోకుతుంది, కొన్నింటికి సోకదు. ఎందుకు? మందు చల్లి తెగులును ఆపడం కంటే, తెగులు సోకని లక్షణాన్నే గింజలోకి తెస్తే పోదా? ఇవాళ్టి క్రాప్ బయోటెక్నాలజీ ల్యాబుల్లో సగం పని ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆయన తిరిగి రష్యా చేరారు.

రొట్టె తింటే మత్తు ఎందుకు?

1916లో ఓ చిత్రమైన సమస్య వచ్చింది. ఇరాన్‌లో ఉన్న రష్యన్ సైనికులు స్థానికంగా కాల్చిన రొట్టె తిని, తాగినవాళ్లలా తూలిపోతున్నారు. సంగతి తేల్చమని వావిలోవ్‌ను పంపారు. ఆయన పొలాల్లోకి వెళ్లి చూశారు. గోధుమ చేలల్లో విషపు గడ్డి కలుపు ఎక్కువగా ఉంది. దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి వస్తున్నాయి. దానికి తోడు బూజు కూడా పట్టింది. స్థానికుల పిండి వాడకండని చెప్పారు. పని అయిపోయింది.

ఇంకొకరైతే బ్యాగు సర్దుకుని వెనక్కి వచ్చేవారు. ఆయన అక్కడి నుంచి పామిర్ కొండల దారి పట్టారు. ఎత్తయిన లోయల్లో, పక్క ఊరితో కూడా రాకపోకలు సరిగా లేని చోట, రైతులు తరతరాలుగా దాచుకున్న గోధుమలు, రై ధాన్యం సేకరించారు. ల్యాబ్‌లో ఎప్పుడూ చూడని లక్షణాలు ఆ గింజల్లో కనిపించాయి. జీవితంలో ఏం చేయాలో ఆ కొండల్లోనే ఆయనకు తేలిపోయింది.

గోధుమలో ఉంటే రైలోనూ ఉండాలి

1917లో సరాతోవ్ అనే ఊళ్లో ప్రొఫెసర్ అయ్యారు. బయట విప్లవం, అంతర్యుద్ధం. తినడానికి లేదు, చలి కాచుకోవడానికి కట్టెలు లేవు. అలాంటి చోట 1920లో జరిగిన సదస్సులో ఆయన ఒక సూత్రం ప్రకటించారు. దాన్ని సజాతీయ శ్రేణుల సూత్రం అనొచ్చు. దగ్గరి చుట్టరికం ఉన్న మొక్కల్లో మార్పులు కూడా ఒకే వరుసలో వస్తాయన్నది దాని సారాంశం. గోధుమలో ఒక లక్షణం కనిపిస్తే రైలోనూ, బార్లీలోనూ అది ఉండి తీరాలి. కనిపించలేదంటే ఇంకా వెతకలేదని అర్థం. మెండలీవ్ తన పట్టికలో ఖాళీ గళ్లు వదిలి, ఇక్కడ ఫలానా మూలకం ఉండాలని ముందే చెప్పినట్టే ఇదీ.

ఈ సూత్రం ఎంత దూరం వచ్చిందో చూడండి. ఇథియోపియాలో రైతులు పండించే పాత బార్లీ రకాల్లో కొన్నింటికి బూడిద తెగులు సోకదు. ఎంఎల్ఓ అనే ఒక జన్యువు వాటిలో సరిగా పనిచేయకపోవడమే కారణం. బార్లీలో ఉంటే గోధుమలోనూ ఉండాలి కదా! ఉంది. కానీ గోధుమలో ఆ జన్యువుకు మూడు కాపీలు ఉన్నాయి. మూడూ ఒకేసారి చెడిపోవడం ప్రకృతిలో దాదాపు జరగని పని. 2014లో చైనా శాస్త్రవేత్తలు జీన్ ఎడిటింగ్‌తో ఆ మూడు కాపీలనూ ఆపేశారు. బూడిద తెగులును తట్టుకునే గోధుమ వచ్చింది. వావిలోవ్ వదిలిన ఖాళీ గడిని 94 ఏళ్ల తర్వాత కత్తెర నింపిందన్నమాట.

ఐదు ఖండాల సేకరణ

1921లో వావిలోవ్ పెత్రోగ్రాడ్‌లోని అప్లయిడ్ బోటనీ విభాగానికి అధిపతి అయ్యారు. అదే ఊరు తర్వాత లెనిన్‌గ్రాడ్ అయింది. ఆ ఏడాది నుంచే రష్యాలో మళ్లీ కరువు. సుమారు 50 లక్షల మంది చనిపోయారు. ఆ కరువు మధ్యలో ఆయన పెట్టుకున్న లక్ష్యం వింటే ఎవరికైనా పిచ్చి అనిపిస్తుంది. ప్రపంచంలో మనిషి పండించే ప్రతి పంటలోని వైవిధ్యాన్నీ, వాటి అడవి బంధువులతో సహా, ఒక్క చోటికి చేర్చాలి.

మన ఇంజినీరింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఆయన వ్యవసాయానికి బ్యాకప్ తీస్తున్నారు. పాత వెర్షన్లు ఎవరూ పట్టించుకోకుండా డిలీట్ అయిపోతున్నాయని అందరికంటే ముందు గుర్తించారు. కొత్త రకం వచ్చిందంటే రైతు పాత గింజ దాచడం మానేస్తాడు. రెండు మూడు పంటలు గడిస్తే ఆ గింజ మళ్లీ దొరకదు. దానిలో ఏ తెగులును తట్టుకునే జన్యువు ఉందో, ఏ ఎండకు ఓర్చుకునే గుణం ఉందో చూడకుండానే పోతుంది.

1924లో అఫ్గానిస్తాన్‌లో గుర్రాల మీద వేల కిలోమీటర్లు తిరిగారు. 1926-27లో మధ్యధరా దేశాలు, ఇథియోపియా. 1929లో పశ్చిమ చైనా, జపాన్, కొరియా. 1930లో మెక్సికో, 1932-33లో దక్షిణ అమెరికా. ఎక్కడికి వెళ్లినా సంతలకు వెళ్లేవారు, రైతుల ఇళ్ల ముందు కూర్చునేవారు, గింజలు అడిగి పొట్లాలు కట్టుకునేవారు. మన దేశానికి ఆయన కాకుండా సహచరుడు మార్కొవిచ్ 1926-28 మధ్య వచ్చారు.

ఈ తిరుగుడులోంచి ఇంకో పెద్ద ఆలోచన పుట్టింది. ఒక పంటలో రకరకాల రూపాలు ఏ ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తాయో, సాధారణంగా ఆ పంట అక్కడే పుట్టి ఉంటుందని ఆయన వాదించారు. అలాంటి మూల కేంద్రాలు మొదట ఐదు అన్నారు, తర్వాత వాటిని ఎనిమిది దాకా తీసుకెళ్లారు. అందులో మన భారత ప్రాంతం ఒకటి. వరి, చెరకు, వంకాయ, మామిడి లాంటివి ఇక్కడి ఖాతాలో రాశారు. తర్వాతి పరిశోధనలు కొన్ని వివరాలను సరిదిద్దాయి. అయినా తెగులును తట్టుకునే జన్యువు కావాలంటే ఆ పంట పుట్టిన చోట వెతకాలన్న సలహా ఇప్పటికీ పనికొస్తోంది.

తొందర ఎక్కువైన రాజ్యం

1926లో లెనిన్ బహుమతి, 1929లో అఖిల సోవియట్ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అధ్యక్ష పదవి. పైకి చూస్తే అన్నీ బాగున్నాయి. లోపల మాత్రం పరిస్థితి మారిపోతోంది. స్టాలిన్ ప్రభుత్వం రైతుల పొలాలను బలవంతంగా సమష్టి క్షేత్రాల్లో కలిపేసింది. 1932-33లో మళ్లీ కరువు, మళ్లీ లక్షల్లో చావులు. తప్పు విధానంలో ఉందని ఒప్పుకోవడానికి ప్రభుత్వం సిద్ధంగా లేదు. శాస్త్రవేత్తల మీద పడింది. పది పన్నెండేళ్లు పట్టే కొత్త రకం నాలుగైదేళ్లలో వచ్చేయాలని హుకుం జారీ చేసింది.

కుదరదని వావిలోవ్‌కు తెలుసు. కుదురుతుందని చెప్పేవాడు ఒకడు దొరికాడు. పేరు ట్రోఫిమ్ లైసెంకో. రైతు బిడ్డ, కష్టపడి పైకొచ్చినవాడు. విత్తనాన్ని చలిలో నానబెట్టి త్వరగా పూత వచ్చేలా చేసే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. మొదట్లో వావిలోవే అతన్ని ప్రోత్సహించారు. రానురాను అతను జన్యువులనేవే లేవు, పరిసరాలు మారిస్తే వంశలక్షణాలూ మారిపోతాయని చెప్పసాగాడు. సరైన ప్రయోగాలు లేవు, లెక్కలు లేవు. కానీ పాలకులు వినాలనుకున్న మాట అదే. విదేశాలు తిరిగి గింజలు పోగేయడం వృథా ఖర్చని వావిలోవ్ మీద దాడి మొదలైంది.

1935లో అకాడమీ అధ్యక్ష పదవి పోయింది. 1938లో అదే కుర్చీలో లైసెంకో కూర్చున్నాడు. 1939లో ఎడిన్‌బరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర సదస్సుకు వావిలోవ్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆయన్ను దేశం దాటనివ్వలేదు. సర్దుకుపోతే బతికి ఉండేవారేమో. చాలామంది అలాగే సర్దుకుపోయారు. ఆయన మాత్రం జన్యువులు ఉన్నాయని బహిరంగ సభల్లోనే చెబుతూ వచ్చారు.

పొలం నుంచి జైలుకు

1940 ఆగస్టు 6న పశ్చిమ ఉక్రెయిన్‌లోని చెర్నివ్‌త్సి ప్రాంతంలో మొక్కలు సేకరిస్తుండగా ఆయన్ను అరెస్టు చేశారు. పదకొండు నెలల విచారణ. దేశద్రోహం, గూఢచర్యం, వ్యవసాయాన్ని కావాలని పాడుచేయడం అనే ఆరోపణలు. 1941 జులై 9న కొద్ది నిమిషాల్లో విచారణ ముగించి మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని 20 ఏళ్ల జైలుగా తగ్గించారు.

జర్మన్ సేనలు మాస్కో వైపు వస్తుంటే ఖైదీలను వేరే ఊళ్లకు తరలించారు. వావిలోవ్‌ను సరాతోవ్ జైలుకు పంపారు. ఒకప్పుడు ప్రొఫెసర్‌గా సూత్రం ప్రకటించిన ఊరు అదే. భార్య యెలేనా బరులినా కూడా శాస్త్రవేత్తే, మసూర్ పప్పు మీద పరిశోధన చేసిన మనిషి. ఆమె చిన్న కొడుకు యూరీతో యుద్ధం వల్ల అదే సరాతోవ్ చేరి తలదాచుకున్నారు. భర్త మాస్కో జైల్లోనే ఉన్నారనుకుని, ఉన్నదాంట్లోంచే అక్కడికి తిండి పొట్లాలు పంపుతూ ఉన్నారు. ఒకే ఊళ్లో ఉన్నామని ఇద్దరికీ తెలియలేదు.

1942లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ను విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది. ఆ సంగతి జరిగేసరికి ఆయన తిండి లేక చిక్కి శల్యమైపోతున్నారు. కిక్కిరిసిన గదిలో తోటి ఖైదీలకు శాస్త్రం గురించి పాఠాలు చెప్పారు. 1943 జనవరి 26న జైలు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. వయసు 55. కరువులు లేకుండా చేయాలని బతుకంతా తిరిగిన మనిషి పోషణ లేక పోయారు.

గింజల మధ్య ఆకలి చావులు

ఆయన జైల్లో ఉన్నప్పుడే లెనిన్‌గ్రాడ్‌ను 1941 సెప్టెంబరు నుంచి జర్మన్లు ముట్టడించారు. అది 1944 జనవరి దాకా సాగింది. మొదటి చలికాలంలో చాలామందికి రోజుకు 125 గ్రాముల రొట్టె దక్కింది. సంస్థ భవనంలో మాత్రం వరి, గోధుమ, వేరుశనగ, మొక్కజొన్న, పప్పు గింజలు ఉన్నాయి. తినదగిన గింజలు టన్నుల కొద్దీ. అక్కడ పనిచేసేవాళ్లు వాటిని ముట్టుకోలేదు.

ఊరి బయట క్షేత్రంలో ఉన్న బంగాళదుంపల్ని ఫిరంగుల మోత మధ్య తవ్వి తెచ్చారు. అవి గడ్డకట్టిపోకుండా దొరికిన చెక్కసామాను కాల్చి నేలమాళిగను వేడిగా ఉంచారు. ఎలుకల బెడదకు రాత్రింబవళ్లు వంతులు వేసుకుని కాపలా కాశారు. వేరుశనగ నిపుణుడు అలెగ్జాండర్ షుకిన్ తన బల్ల దగ్గరే చనిపోయారు. వరి నిపుణుడు ద్మీత్రి ఇవానోవ్ వేల వరి పొట్లాల మధ్య ఆకలితో కన్నుమూశారు. ఇంకా పలువురు అలాగే పోయారు. సేకరణలో ఎక్కువ భాగం నిలిచింది.

యుద్ధం తర్వాత కూడా లైసెంకో రాజ్యమే. 1948లో సోవియట్ దేశంలో జన్యుశాస్త్రాన్ని బోధించకుండా చేశారు. 1955లో కోర్టు వావిలోవ్ మీద శిక్షను రద్దు చేసింది. తర్వాత ఆయన సంస్థకు ఆయన పేరే పెట్టారు.

మన అన్నంలో ఆయన ఆలోచన

వావిలోవ్ పద్ధతి మన కంచం దాకా ఎలా వచ్చిందో చూద్దాం. మన రైతులు బీపీటీ అని పిలుచుకునే సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి దానిలోకి మూడు నిరోధక జన్యువులను తెచ్చాయి. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్ఏ21 అనే జన్యువు ఆఫ్రికాలోని మాలి దేశంలో దొరికిన ఒక అడవి వరిది. కోసినా గంజికి పనికిరాని గడ్డిలాంటి మొక్క. ఎవరో దాన్ని సేకరించి దాచబట్టే మన బీపీటీకి రక్ష దొరికింది.

మార్టేరులో పుట్టిన స్వర్ణ కథా అంతే. ముంపులో రెండు వారాల దాకా బతికే స్వర్ణ సబ్1కు ఆ గుణం ఒడిశాలోని ఒక పాత వరి రకం నుంచి వచ్చింది. ఈ రెండూ జన్యుమార్పిడి పంటలు కావు. సంకరం చేసి, నారు దశలోనే చిన్న ఆకు ముక్కతో డీఎన్ఏ పరీక్ష చేసి, కావాల్సిన జన్యువు వచ్చిన మొక్కల్నే ముందుకు తీసుకెళ్లారు. దీన్ని మార్కర్ల సాయంతో ఎంపిక అంటారు. పనిముట్టు మార్కర్ అయినా, క్రిస్పర్ అయినా, దానికి పని చెప్పేది ఎక్కడో దాచిన ఒక గింజే.

బయోటెక్నాలజీ, బీఎస్సీ అగ్రికల్చర్, బయోఇన్ఫర్మాటిక్స్ వైపు చూస్తున్న వాళ్లకు, ఏఐతో ఏదైనా కొత్తగా చేయాలనుకునే ఇంజినీర్లకు ఈ కథలో ఒక కబురు ఉంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి పంటల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటి నకళ్లు నార్వే మంచుకొండలోని విత్తన ఖజానాకూ వెళ్లాయి. ఇంత నిధిలో ఏ గింజ ఏ ఎండకు తట్టుకుంటుందో, ఏ తెగులుకు లొంగదో తేల్చే పని ఇంకా చాలా మిగిలి ఉంది. పొలంలో కొలవాలి, డీఎన్ఏ చదవాలి, రెండింటినీ డేటాలో కలపాలి. కోడ్ రాసేవాళ్లూ కావాలి, ఎండలో నిలబడి కంకులు లెక్కపెట్టేవాళ్లూ కావాలి.

తొందరగా ఫలితం చూపించమని అడిగేవాళ్లు ఏ కాలంలోనూ ఉంటారు. ప్రభుత్వాలే అక్కర్లేదు, ఇవాళ పెట్టుబడిదారులూ అదే అడుగుతారు. అప్పుడు గింజ చెప్పే లెక్కనే చెప్పగలగాలి. ఈసారి జీన్ ఎడిటింగ్ వార్త కంటపడితే, ఆ జన్యువు మొదట ఏ ఊరి పంటలో దొరికిందో కూడా వెతికి చూడండి.